ఓడినవారి కరపత్రము
(పాత ఎన్నికల వస్తువుల అన్వేషణము, దానివలన అలవడు సమదృష్టి)

మనుష్యుడు తన అభిమతమునకు అనుకూలమైన దానిని మాత్రమే చూచుటకును, తన పక్షమువారి మాటను మాత్రమే వినుటకును, తాను మెచ్చిన నాయకుని పటమును మాత్రమే గోడకు తగిలించుకొనుటకును అలవాటుపడినచో, అతని బుద్ధి క్రమక్రమముగా సంకోచించి, తుదకు పొరుగువాని పక్షమున గల న్యాయమును గుర్తింపలేని స్థితికి దిగజారుననుట లోకానుభవము. ఈ సంకోచమును పోగొట్టుకొనుటకు పెద్దలు సద్గ్రంథపఠనమును, దేశాటనమును, పండితగోష్ఠిని విధించిరి. వానికి తోడుగా మరియొక సాధనను ఈ అధ్యాయమున సూచింపదలచితిని: పాత సామానుల దుకాణములలో, రద్దీ కాగితముల కుప్పలలో, మూతపడిన ముద్రణాలయముల అటకలపై ఎన్నికల ప్రచారపు అవశేషములను ఓపికతో వెదకి, అవి ఏ పక్షమునకు చెందినవైనను ఒకే ఆదరముతో ఏర్చి కూర్చి కాపాడుట.

ఎన్నిక ముగిసిన మరునాడు లోకము రెండు విధముల ప్రవర్తించును. గెలిచిన అభ్యర్థి చిత్రములు పటములు కట్టబడును. అతని ప్రసంగములు పత్రికలలో నిలుచును. ఓడిన అభ్యర్థి యింట మిగిలిన కరపత్రముల కట్టలు మాత్రము వారము తిరుగకుండ పొయ్యిలోనికో, కిరాణా దుకాణమున పొట్లములకో పోవును. కావుననే కొంతకాలము గడచిన పిమ్మట గెలిచినవాని కాగితము వెదకిన దొరకును గాని, ఓడినవాని కాగితము దొరకుట దుర్లభమగును. ధర్మపురి నియోజకవర్గమున 2018 శాసనసభ ఎన్నికలో గెలుపు ఓటములకు నడుమ నున్న అంతరము 441 ఓట్లు. ఇంచుమించు సగము ఊరు ఒక వంకను, సగము ఊరు మరియొక వంకను నిలిచిన అట్టి ఎన్నికను ఒక పక్షపు కాగితములతోనే భావితరములకు చూపినచో, అది సగము సత్యమే యగును. ఆ రెండవ సగమును వెదకి తెచ్చుటయే సేకర్త యొక్క ప్రథమధర్మము.

ఇది మన ప్రాంతమునకు మాత్రమే చెందిన వేడుక గాదు. అమెరికాలో 1789లో వాషింగ్టను అధ్యక్షపదవి స్వీకరించిన సందర్భమున జనులు అంగీలకు కుట్టించుకొన్న ఇత్తడి గుండీలను, 1896 ఎన్నికలో మెకిన్లీ, బ్రయను అను ఇరువురు అభ్యర్థుల పేర సెల్యులాయిడు పూతతో వెలువడిన చిన్నబిళ్లలను నేటికిని అచటి సేకర్తలు ప్రాణప్రదముగా దాచుకొందురు. బ్రయను ఆ ఎన్నికలో ఓడిపోయెను. ఆ తరువాత మరి రెండు పర్యాయములును ఓడెను. అయినను అతని బిళ్లలు గెలిచినవాని బిళ్లలతో సమానముగా పెట్టెలలో స్థానము పొందినవి. ఆ సంస్కారమును మనమును అలవరచుకొనదగును.

మన ప్రాంతము యొక్క విశేషము

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు ఒండొంటికి చేరువనే యున్నను, లోక్‌సభ ఎన్నికల దృష్టితో చూచినపుడు మూడు వేర్వేరు రాజ్యములకు చెందినట్లుండును. ధర్మపురి పెద్దపల్లి లోక్‌సభ నియోజకవర్గములోనిది. జగిత్యాల, కోరుట్ల నిజామాబాదు నియోజకవర్గములోనివి. సిరిసిల్ల కరీంనగరు నియోజకవర్గములోనిది. కావున ఒక దినమున బస్సులో తిరిగిన సేకర్తకు మూడు లోక్‌సభ పోరాటముల కాగితములు చేజిక్కు అవకాశము కలదు. ఇట్టి సౌలభ్యము పెక్కు ప్రాంతములకు లేదు.

ఇంతేకాక ఈ నేలపై జరిగిన ఎన్నికలు సామాన్యమైనవి గావు. 1952లో ఇచటివారు హైదరాబాదు రాష్ట్రపు పౌరులుగా తొలి సార్వత్రిక ఎన్నికలలో ఓటు వేసిరి. 1971లో తెలంగాణ ప్రజాసమితి తెలంగాణములోని 14 లోక్‌సభ స్థానములలో కరీంనగరుతో సహా పదింటిని గెలుచుకొన్నది. 1978 జగిత్యాల జైత్రయాత్ర రైతుకూలీల ఉద్యమచరిత్రలో నిలిచిపోయినది. 2001 మే 17న కరీంనగరులో జరిగిన సింహగర్జన సభతో గులాబీరంగు జెండా ఈ జిల్లా వీథులలో విరివిగా ఎగురజొచ్చెను. 2010 జూలైలో తెలంగాణ వాదముపై పదవులు వదలుకొన్నవారి స్థానములకు జరిగిన 12 ఉపఎన్నికలలో ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల మూడును కలవు. అప్పుడు కొన్ని నియోజకవర్గములలో అభ్యర్థుల సంఖ్య యంత్రము భరింపగల 64ను మించుటచే తిరిగి కాగితపు బ్యాలెట్టును వాడవలసివచ్చినది.

ఇక 2019 ఏప్రిల్ 11న జరిగిన నిజామాబాదు లోక్‌సభ ఎన్నికను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావలెననియు, పసుపు బోర్డును నెలకొల్పవలెననియు కోరుచు 170 మందికి పైగా రైతులు అభ్యర్థులుగా నిలువగా, మొత్తము అభ్యర్థుల సంఖ్య 185కు చేరినది. ఒక యంత్రమున 16 పేర్లకు మాత్రమే చోటుండుటచే ప్రతి పోలింగు కేంద్రమునను 12 యంత్రములను వరుసగా అమర్చిరి. జగిత్యాల, కోరుట్ల ఓటరులు ఆ వరుస యెదుట నిలిచి తమ అభ్యర్థి పేరును వెదకుకొన్నవారే. అట్టి ఎన్నికలో ఏ యంత్రమున, ఏ వరుసలో తన గుర్తున్నదో ఓటరునకు తెలుపు చిన్న చీటీకి ఎంతటి విలువ యుండునో ఊహింపవచ్చును. ఆ రైతులలో ఒక్కని పేరిట ముద్రితమైన చీటీ దొరికినను దానిని పదిలపరచుడు. గెలుచుటకు గాక తమ గోడు వినిపించుటకై నిలిచినవారి సాక్ష్యమది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది పోటీచేయగా బ్యాలెట్టు ఒక పుస్తకమంత యైనది. ఆ పరంపరకు నిజామాబాదు ఎన్నిక వారసురాలు.

ఏవి వెదకవలెను

సేకరింపదగిన వస్తువులు నాలుగు తెగలు. మొదటిది కాగితము: కరపత్రములు, గోడపత్రికలు, ఓటరు చీటీలు, అభ్యర్థులు పంచిన నమూనా బ్యాలెట్లు, మ్యానిఫెస్టోలు, వీథులకు కట్టిన కాగితపు తోరణములు. రెండవది వస్త్రము: జెండాలు, కండువాలు, టోపీలు, చేతితో వ్రాసిన గుడ్డ బ్యానర్లు. మూడవది లోహము, కొయ్య: రేకు బ్యాడ్జీలు, ముద్రణకు వాడిన బ్లాకులు, గోడలపై గుర్తులు దించుటకు కత్తిరించిన రేకు అచ్చులు. నాలుగవది ధ్వని: ప్రచారవాహనములపై మ్రోగిన పాటల క్యాసెట్లు.

వీనిలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది ముద్రణపు బ్లాకు. మూడు వ్రేళ్ల వెడల్పు గల కొయ్యదిమ్మెపై సన్నని మేకులతో బిగించిన జింకు రేకు. దానిపై కాడి మోయుచున్న రెండు ఎద్దులు, అద్దమునందువలె కుడియెడమలు తారుమారై, ఉబ్బెత్తుగా నిలిచియుండును. మూపురముల సందులలో ఎండిన నల్లసిరా పేరుకొనియుండును. దిమ్మె ప్రక్కభాగమున ప్రెస్సువారు గుర్తుకొరకు గీచికొన్న పెన్సిలు గీతయో, అంకెయో కనబడును. క్రొత్తగా ఈ మార్గమున ప్రవేశించినవారు ఇంటికి తెచ్చిన వెంటనే కిరసనాయిలుతో ఆ సిరాను తుడిచి, రేకును మెరుగుపెట్టి సంతోషింతురు. అట్లు చేయకుడు. ఆ సిరాయే ఆ దిమ్మె పనిచేసినదని చెప్పు సాక్షి. ఆ పెన్సిలు గీతయే అది ఏ ప్రెస్సుదో తెలుపు ఆనవాలు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును.

ఎక్కడ వెదకవలెను

ధర్మపురి యాత్రాస్థలము. గోదావరీస్నానమునకును, లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకును వచ్చు జనుల కొరకు వెలసిన దుకాణముల వీథిలో పురావస్తువుల పేరు పెట్టుకొన్న అంగడి కొరకు వెదకిన ప్రయోజనము లేదు. మన పట్టణములలో పాతవస్తువులు మూడు తావుల చేరును. పాత ఇత్తడి, రాగి సామానులకు మారుగా క్రొత్తవి ఇచ్చు దుకాణము మొదటిది. కబాడీ దుకాణము రెండవది. పాతయిండ్లు కూల్చి తెచ్చిన తలుపులు, దూలములు, పెట్టెలు అమ్ము చోటు మూడవది. బ్యాడ్జీలు మొదటిదానిలో తుక్కు ఇత్తడి నడుమ, కరపత్రములు రెండవదానిలో పాత బడిపుస్తకముల నడుమ, గోడపత్రికలు మూడవదానిలో పెట్టెల అడుగున పరచిన కాగితములుగా దొరకును.

పాత దేవుని పటముల వెనుకభాగమును తప్పక చూడుడు. పటము కట్టువారు వెనుక అట్టకు అండగా చేతికి దొరికిన దళసరి కాగితమును వాడుట పరిపాటి. పక్షపు గోడపత్రిక అట్లు ఎండవాన తగులక దశాబ్దములు నిలువవచ్చును. పాత జమాఖర్చు పుస్తకముల అట్టలయందును ఇట్లే ముద్రిత కాగితములు పొరలుపొరలుగా అతుకబడియుండును. కాని వానిని మీరే చీల్చి తీయ యత్నింపక, బైండింగు పనివాని చేత తీయింపుడు.

జగిత్యాలలో పాత లెటర్‌ప్రెస్సులు నడిపినవారి కుటుంబములను వినయముతో ఆశ్రయింపుడు. ప్రెస్సువారు తాము ముద్రించిన ప్రతిదానిలో ఒక ప్రతిని ఫైలునకు ఉంచుకొను ఆచారము కలదు గనుక, ఒక్క అటకపై అన్ని పక్షముల కాగితములును ఒకే దారమున గ్రుచ్చబడి దొరకు భాగ్యము పట్టవచ్చును. కోరుట్ల చెంతనున్న మెట్‌పల్లి ఖాదీకి ప్రసిద్ధి. తెల్లటోపీ, నూలుజెండా మొదలైన వాని వస్త్రమును గుర్తించుట నేర్చుకొనుటకు అచటి ఖాదీ దుకాణమున ఒక పూట గడపుట ఉత్తమవిద్య. సిరిసిల్ల యందలి మరమగ్గములపై నేసిన పాలిస్టరు గుడ్డ నానా పక్షముల జెండాలుగాను, కండువాలుగాను మారును. ఒకే మగ్గము ఈ వారము ఒక పక్షమునకు, వచ్చు వారము దాని ప్రత్యర్థికి గుడ్డ నేయుచుండును. నేతకార్మికునకు రెండును కూలియే, రెండును కూడే. జెండాలు కుట్టువారి వద్ద రంగు చెడినవి, అచ్చు వంకరపోయినవి, ఆర్డరు రద్దయినవి మిగిలియుండును. వీథికెక్కని ఆ గుడ్డయు సేకర్తకు పనికివచ్చును.

హైదరాబాదు వెళ్లినపుడు గురువారము జుమ్మేరాత్ బజారును, ఆదివారము ఆబిడ్స్ కాలిబాటలపై పరచు పాతపుస్తకముల దుకాణములను చూచి రావలెను. ఉదయముననే చేరుట మేలు. స్వస్థలమున మాత్రము దసరాకును, ఉగాదికిని ముందు, ఇండ్లకు సున్నము వేయు రోజులలో కబాడీ దుకాణములకు తరచు పోవుచుండుడు. అటకలు ఖాళీయగు కాలమదియే.

కాలమును నిర్ణయించు విధము

దొరికిన వస్తువు ఏ ఎన్నికకు చెందినదో తెలియక ముందు దానికి విలువ లేదు. దీనికి మొదటి ఆధారము గుర్తు. కాంగ్రెసు 1952 నుండి 1969 నాటి చీలిక వరకు కాడెద్దుల జోడిని, 1971 నుండి ఇందిరాగాంధీ పక్షము ఆవుదూడను, 1978 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల నుండి హస్తమును వాడినది. 1952లో కమ్యూనిస్టులకు కంకి కొడవలి, సోషలిస్టులకు చెట్టు, జనసంఘమునకు దీపము, షెడ్యూల్డు కులముల సమాఖ్యకు ఏనుగు గుర్తులు. 1977లో జనతా పక్షము చక్రము నడుమ నాగలి మోయు రైతుతో వచ్చినది. 1980లో కమలము, 1983 జనవరిలో సైకిలు ఎన్నికల గోడల నెక్కినవి. అయినను గుర్తు ఒక్కదానినే నమ్మరాదు: 1952లో ఫార్వర్డు బ్లాకులోని ఒక వర్గమునకును హస్తమే గుర్తు. కావున చేతి బొమ్మ చూచినంతనే దానిని 1978 తరువాతిదని తీర్మానించుట తొందరపాటు.

రెండవ ఆధారము చిరునామా. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడినది గనుక, ఆ ఆరంకెలు ఉన్న కాగితము 1971 ఎన్నికది కానేరదు. "జగిత్యాల జిల్లా" అని యున్నచో అది 2016 అక్టోబరునకు తరువాతిది. దానికి ముందు ఈ ఊళ్లన్నియు కరీంనగరు జిల్లాలోనివి. "ధర్మపురి నియోజకవర్గము", "కోరుట్ల నియోజకవర్గము" అనునవి నియోజకవర్గముల పునర్విభజన పిమ్మట 2009 నుండి శాసనసభ ఎన్నికలలో కనబడును. 2004లో ఈ ప్రాంతముల ఓటరులు బుగ్గారము, మెట్‌పల్లి నియోజకవర్గముల పేర ఓటు వేసిరి. 1955లో శాసనసభ ఎన్నికలు ఆంధ్రరాష్ట్రమునకే జరిగినవి. తెలంగాణమునకు 1957లో వేరుగా జరిగినవి. ఎవరైనను "1955 నాటి జగిత్యాల శాసనసభ కరపత్రము" అని చూపినచో మర్యాదగా నమస్కరించి లేచి రావలెను.

మూడవ ఆధారము ముద్రణ. ఎన్నికల కరపత్రముపై ముద్రాపకుని, ప్రకాశకుని పేరు, చిరునామా ఉండితీరవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1961లో ఒక నిబంధన చేర్చబడినది. అడుగున చిన్న అక్షరములతో నుండు ఆ పంక్తిని మొదట చదువుడు. ఏ ఊరి ప్రెస్సో తెలిసినచో సగము చరిత్ర తెలిసినట్లే. సీసపు అక్షరములతో అచ్చువేసిన కాగితపు వెనుకవైపు కన్నులు మూసికొని వ్రేలితో రాచినచో అక్షరములు నొక్కుకొన్న గరుకుదనము తగులును; ఆఫ్‌సెట్టు కాగితమున ఆ స్పర్శ యుండదు, భూతద్దము క్రింద రంగులు చిన్నచిన్న చుక్కలుగా విడిపోవును. కంప్యూటరు అక్షరములతో కూర్చిన తెలుగు 1990ల నుండి వ్యాపించినది.

నాలుగవ ఆధారము వస్త్రము. జెండా అంచు నుండి ఒక పోగును, యజమాని అనుమతితో, లాగి నిప్పు చూపుడు. నూలు కాగితపు వాసనతో కాలి బూడిదయగును. పాలిస్టరు కరగి గట్టి పూసయై ముద్దకట్టును. పూసకట్టు పోగుతో నేసినది 1952 నాటి జెండా యని చెప్పినవాడు తానే మోసపోయియుండవచ్చును. వానితో వాదము పెట్టుకొనక ఊరకుండుట మేలు.

బేరము, మర్యాద

దుకాణమున ప్రవేశించిన సేకర్త ఎట్లు మాటలాడవలెనో చూపుటకు ఒక సంభాషణను ఇచట నుంచుచున్నాను.

"ఈ కాగితాలు ఎట్లిస్తవు కాకా?"

"గవా సారూ? గవి రద్దీల పోయేటియి. మీకేం పనికొస్తయి?"

"పాత ఎలక్షన్లయి. నేను జమ చేస్తున్న. ఏ ఊరికెల్లి వచ్చినయో యాదికున్నదా?"

"రాయపట్నం దిక్కు ఒక పాతిల్లు కూలగొట్టిన్రు. ఆడికెల్లి మా పోరగాళ్లు తెచ్చిన్రు."

ఈ కడపటి మాటను గ్రహింపుడు. కాగితము కిలో లెక్కన అగ్గువకే దొరకవచ్చును. అది ఏ ఊరి యింట, ఏ చోట నుండెనో తెలుపు ఆ వాక్యము మాత్రము మరల ఎన్నటికిని దొరకదు. వస్తువునకు మూలస్థానము తెలిసినపుడే అది చరిత్ర యగును. తెలియనపుడు అది పాత కాగితమే. కావున ముందు ప్రశ్న, పిదప బేరము.

దుకాణదారుడు అడిగిన రద్దీ ధరకే తీసికొని గర్వపడుట కంటె, దానిపై కొంత హెచ్చుగా నిచ్చి, "ఇసుంటియి వస్తే నా కోసం తీసిపెట్టు" అని చెప్పి రండు. అతనికి ఆదాయమును, మీకు నమ్మకస్థుడైన మిత్రుడును కలుగుదురు. ఒక కుటుంబము తమ తాతగారి బ్యాడ్జీనో, కండువానో మీ చేతిలో పెట్టినపుడు దాని విలువను తక్కువచేసి చెప్పుట సేకర్తకు తగని పని. వారికి దానిపై మమకారము మిగిలియున్నచో ఛాయాచిత్రము తీసికొని వస్తువును వారికే విడిచిపెట్టుడు. కథను మాత్రము వారి మాటలలోనే వ్రాసికొనుడు. మీరే పక్షమువారో వారడిగినచో దాపరికము వలదు. కాని వారి పక్షమును గూర్చి వాదింపకుడు. వినుటకు వచ్చినవాడు వినియే వెళ్లవలెను.

చట్టము చెప్పు హద్దులు

అభ్యర్థులు ప్రచారమునకు పంచిన నమూనా బ్యాలెట్టు వేరు, ఎన్నికల అధికారి ముద్రించిన అసలు బ్యాలెట్టు వేరు. అసలైనదానిని అధికారము లేక కలిగియుండుట నేరము. అది ఎంత పాతదని చెప్పినను ముట్టుకొనకుడు. బ్యాలెట్టు పెట్టెలు ప్రభుత్వపు సొత్తు. 1952లోను, 1957లోను ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై అతని గుర్తును అంటించెడివారు; ఓటరు తన కాగితమును తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో వేసెడివాడు. ఆ పెట్టెలను చేసిన సంస్థలలో హైదరాబాదు ఆల్విన్ కూడ నొకటి. అట్టి పెట్టె దుకాణమున కనబడినచో, సర్కారువారు వేలములో అమ్మిన రసీదు ఉన్నదా యని అడుగుడు. లేనిచో ఎంత మనసుపడినను విడిచిపెట్టుడు.

1972 నాటి పురావస్తు చట్టము సామాన్యముగా 100 సంవత్సరములు నిండిన వస్తువులను, చారిత్రకమైన విలువ గల పత్రములైనచో 75 సంవత్సరములు నిండినవానిని పురావస్తువులుగా భావించి, వానిని దేశము దాటించుటను నిషేధించును. తొలి సార్వత్రిక ఎన్నికల కాగితములు 2027 నాటికి ఆ వయస్సునకు చేరుకొనును. విదేశములనున్న బంధుమిత్రులకు కానుకగా పంపదలచువారు ఈ విషయమును మరువరాదు.

భద్రపరచుట, వ్రాసియుంచుట

ధర్మపురి పూర్వము నుండి విద్యాస్థానము. నృసింహశతకమును రచించిన శేషప్పకవి నివసించిన ఊరు. తాటాకును చెదకు, చెమ్మకు చిక్కకుండ తరతరములు కాపాడిన ఇండ్లు గల ఊరిలో ఒక కరపత్రమును కాపాడుట కష్టము గాదు. నియమములు కొన్నియే. చినిగిన కాగితమునకు అంటుటేపు వేయరాదు. అది కొలది యేండ్లలోనే పసుపుబారి కాగితమును తినివేయును. ల్యామినేషను చేయింపరాదు, ఒకసారి చేసిన తరువాత విడదీయుట అసాధ్యము. కాగితములను మడతలు విప్పి, బల్లపరుపుగా, ఆమ్లరహితపు కవరులలో నుంచుడు. వస్త్రమును మడువక గొట్టమునకు చుట్టుడు. రేకు బ్యాడ్జీలకు తుప్పు శత్రువు. వానకాలమున వాని డబ్బాలో తేమను పీల్చు సిలికా పొట్లమును వేసి, ఎప్పటికప్పుడు మార్చుచుండుడు. ఫ్లెక్సీని కాగితముతో కలిపి ఉంచకుడు. క్యాసెట్టును పదేపదే మ్రోగింపక, తెలిసినవారిచే డిజిటలు ప్రతి తీయించి పెట్టుకొనుడు.

ప్రతి వస్తువుతోను ఒక చీటీ యుండవలెను. వస్తువేది, ఎక్కడ దొరకినది, ఏ తేదీన, ఎట్టివారి వద్ద, మొదట ఏ ఊరిలో నుండినది, ఏ ఎన్నికకు చెందినది, ఆ సంగతి ఏ ఆధారమున నిర్ణయించితిమి అను విషయములను దుకాణము గడప దిగిన వెంటనే వ్రాయవలెను. ఇల్లు చేరిన తరువాత వ్రాయుదమని వాయిదా వేసినచో జ్ఞాపకము కొంత, కల్పన కొంత కలసిపోవును. తెలియని దానికి ఎదురుగా "తెలియదు" అని వ్రాయుట సిగ్గుపడవలసిన పని గాదు. అది సేకర్త నిజాయితీకి సంతకము.

సమదృష్టికి సాధనక్రమము

ఇంతవరకు చెప్పినది నేర్పు. దానివలన స్వభావమున కలుగవలసిన మార్పును గూర్చి ఇక చెప్పెదను, ఏలయన ఈ అధ్యాయపు ప్రయోజనమదియే.

సేకరించినవానిని పక్షముల వారీగా గాక, ఎన్నికల వారీగా పేర్చుడు. పక్షమునకొక పెట్టె పెట్టినవాని యింట మెల్లమెల్లగా ఒక పెట్టె నిండుచు, తక్కినవి వట్టిపోవును. తన మనస్సు ఎటు మొగ్గుచున్నదో అతనికే తెలియదు. ఎన్నికకొక పెట్టె పెట్టినవానికి మాత్రము లోటు ఎదుట నిలిచి కనబడును. 1983 ఎన్నిక పెట్టెలో సైకిలు గుర్తు కాగితము లెన్నియో యుండి హస్తపు కాగితము ఒక్కటియు లేకున్నచో, లేనిదాని పేరు వ్రాసి ఒక ఖాళీ కవరును ఆ పెట్టెలో నుంచుడు. ఆ కవరు పెట్టె తెరచినప్పుడెల్ల మీ పక్షపాతమును మీకు గుర్తుచేయును, తరువాత వెదకవలసినదేదో నిర్ణయించును. స్వతంత్ర అభ్యర్థులకును, ధరావతు కోల్పోయినవారికిని అదే న్యాయము. ఎన్నికను బహిష్కరింపుడని పిలుపునిచ్చిన గోడపత్రికయు ఆ ఎన్నిక చరిత్రలో భాగమే; నిషిద్ధసంస్థల ముద్రణ యని అనుమానము కలిగినచో న్యాయవాదిని అడిగిన పిదపనే దానిని చేపట్టుడు.

నెలకొక పర్యాయము ఒక పెట్టెను తెరచి, ఒకే ఎన్నికలో ప్రత్యర్థులైన ఇరువురి కరపత్రములను ప్రక్కప్రక్కన పరచి, పూర్తిగా చదువుడు. పిదప మీకు నచ్చని పక్షపు వాదమును, దానిని నమ్మిన పెద్దమనిషి చెప్పినంత బలముగా, మీ మాటలలో ఒక పుట వ్రాయుడు. మొదటి మారు కలము సాగదు. వెక్కిరింత వాక్యములలోనికి చొరబడును. అట్టి వాక్యములను కొట్టివేసి తిరిగి వ్రాయుడు. కొన్ని నెలలు ఈ అభ్యాసము సాగిన పిమ్మట టీకొట్టు వద్ద రాజకీయచర్చ జరుగునపుడు మీ స్వరము తగ్గుటను, ఎదుటివాని మాట ముగియువరకు ఆగు ఓర్పు అలవడుటను మీరే గమనింతురు. మీ అభిప్రాయము మారనక్కరలేదు. మీ ఓటును మీ మనస్సాక్షి ప్రకారమే వేయుడు. మారవలసినది ఎదుటివానియెడ మీకు గల భావము.

కూర్చిన దానిని దాచుకొని యుండుట సగము ధర్మమే. జనవరి 25 జాతీయ ఓటరుల దినము. 2011 నుండి దేశమంతటను జరుపబడుచున్నది. ఆ దినమున మీ ఊరి బడిలో ఒక బల్లవేసి, ఒక్క ఎన్నికకు చెందిన అన్ని పక్షముల కాగితములను సమానమైన చోటిచ్చి ప్రదర్శింపుడు. తమ తాతలు ఒకరిపై నొకరు పోటీపడి తిరిగి ఒకే అంగడిలో కూరగాయలు కొన్నారని పిల్లలకు చెప్పుడు. మీ తదనంతరము సేకరణము చెదరిపోకుండుటకు జిల్లా గ్రంథాలయమునకో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమునకో అప్పగించునట్లు ఇప్పుడే వ్రాసి ఉంచుడు.

ఆరంభమునకు పాత కుప్పల కొరకు ఎదురుచూడ నవసరము లేదు. రాబోవు ఎన్నిక, అది పంచాయతీ ఎన్నిక యైనను సరియే, ఫలితము వెలువడిన మరునాటి ఉదయము ఓడిన అభ్యర్థి యింటికి పోయి, మిగిలిన కరపత్రములలో ఒక్క ప్రతిని అడిగి తీసికొనుడు. ఆ దినమున ఆ గడప త్రొక్కువారు అరుదు. నిందింపక, ఓదార్చు నెపమున ఉపన్యసింపక, ఆయన కాగితము నిలువదగినదని చెప్పి గౌరవముతో పుచ్చుకొన్నచో, మీ సేకరణమునకు అది మొదటి వస్తువును, మీ సమదృష్టికి మొదటి పాఠమును అగును.